గుద్దు పడకముందే నొక్కాలి

ఎస్సెల్లార్ కెమెరా లోపల ఒక చిన్న అద్దం ఉంటుంది. బటన్ నొక్కగానే అది పైకి లేచి వెలుగుకు దారి ఇస్తుంది. ఆ లిప్తపాటు వ్యూఫైండర్‌లో చీకటి. ఫొటో పడే క్షణాన్ని తీసేవాడే చూడలేడన్నమాట. రింగు పక్కన తలపండిన ఫొటోగ్రాఫర్లు కొత్తవాళ్లకు మొదట చెప్పే మాట ఇందులోంచే వచ్చింది: గుద్దు నీ కంటికి కనబడిందంటే అది నీ కెమెరాలో పడలేదనే లెక్క.

ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఆ అద్దమూ లేదు, ఆ చీకటీ లేదు. అయినా ఆ మాట పాతబడలేదు. మంచి బాక్సర్ ముందు చేత్తో సూటిగా వేసే జ్యాబ్ భుజం దగ్గర బయల్దేరి ఎదుటి మొహాన్ని తాకడానికి సెకనులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ పడుతుంది. కన్ను చూసి, మెదడుకు తెలిసి, వేలు కదలడానికి ఎంత చురుకైన మనిషికైనా సెకనులో దాదాపు ఐదో వంతు కావాలి. చూశాక నొక్కితే దొరికేది వెనక్కి వస్తున్న గ్లవ్, అప్పటికే పక్కకు తిరిగిపోయిన తల. కాబట్టి గుద్దు రాబోతోందని ముందే తెలియాలి. అది తెలియాలంటే బాక్సింగ్ తెలియాలి. రింగుసైడ్ ఫొటోగ్రఫీలో అసలు విద్య ఇదేనని నా నమ్మకం. లెన్సు డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. ఈ చూపు మాత్రం జిమ్ముల్లోనూ, జనం లేని జిల్లా పోటీల్లోనూ ఏళ్ల తరబడి కూర్చుంటేనే వస్తుంది.

ఆ చూపు నేర్చుకోవడానికి విశాఖపట్నం మంచి బడి. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, తూర్పు నౌకాదళం, రైల్వే, వీటి మధ్య పెరిగిన ఊరు ఇది. ఒంటి కష్టం మీద నడిచే ఇలాంటి ఊళ్లలోనే ప్రపంచమంతటా బాక్సింగ్ నిలదొక్కుకుంది. పెద్ద మైదానం అక్కర్లేదు, ఖరీదైన బ్యాటూ ప్యాడ్లూ అక్కర్లేదు. ఒక జత గ్లవ్స్, చేతికి చుట్టుకునే గుడ్డపట్టీలు, పళ్లకు గార్డు, వేళ్లాడే బ్యాగు, వీటన్నిటికన్నా ముందు ఓపికున్న ఒక కోచ్ ఉంటే చాలు. అలాంటి కోచ్ విశాఖకు దొరికారు. స్పోర్ట్స్ అథారిటీ కేంద్రంలో శిక్షణ ఇచ్చిన ఐ. వెంకటేశ్వరరావు ద్రోణాచార్య పురస్కార గ్రహీత. నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్ 2009లో వచ్చి చేరింది ఆయన దగ్గరికే. అప్పటికి ఆ అమ్మాయికి పన్నెండు పదమూడేళ్లు. రెండేళ్లకే, 2011లో టర్కీలోని అంతాల్యాలో జరిగిన జూనియర్, యూత్ ప్రపంచ పోటీల్లో స్వర్ణం తెచ్చింది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో, మరుసటేడు ఢిల్లీలో 50 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయింది. అంతకుముందే ప్రపంచ మహిళల పోటీల్లో రజతం సాధించి, 2020లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్న ఎన్. ఉష విశాఖ బాక్సరే.

ఇంత చరిత్ర ఉన్న ఊళ్లో ఆ చరిత్రకు సంబంధించిన ఫొటోలు ఎలా ఉన్నాయని అడిగితే జవాబు బాధగానే ఉంటుంది. ఏ బాక్సర్ ఇంటికి వెళ్లినా గోడ మీద కనిపించేది ఒకే రకం బొమ్మ. మెడలో పతకం, చేతిలో సర్టిఫికెట్, అటూ ఇటూ శాలువాలు కప్పుకున్న పెద్దలు, మధ్యలో బిగుసుకుపోయి నిలబడ్డ పిల్లో పిల్లాడో. ఆ పతకం ఎలా వచ్చిందో చెప్పే ఫొటో, అంటే రింగులో ఆ పిల్ల కాలు ఎక్కడ వేసింది, చెయ్యి ఎలా విసిరింది, దెబ్బ తిన్నప్పుడు కళ్లు మూసుకుందా తెరిచే ఉంచిందా చూపించే ఫొటో దాదాపు ఉండదు. ఆ ఫొటో తీయడం కష్టం గనుకే దాని పద్ధతుల గురించి వివరంగా చెప్పుకోవాలి.

ముందు కూర్చునే చోటు. పోటీ రింగు లోపలి కొలత తాళ్ల మధ్య 6.10 మీటర్ల చదరం. వేదిక నేల నుంచి మీటరు ఎత్తు. తాళ్ల బయట మూరెడు వెడల్పుకు పైగా అంచు ఉంటుంది. దాన్ని ఏప్రన్ అంటారు. ఫొటోగ్రాఫర్ మోచేతులు ఆనేది దాని మీదే. తాళ్లు నాలుగు. కాన్వాసు నుంచి 40, 70, 100, 130 సెంటీమీటర్ల ఎత్తున వరసగా కట్టి ఉంటాయి. ఫొటో తీయడానికి దొరికే కిటికీలు రెండే: అడుగు తాడు కింద 40 సెంటీమీటర్లు, మొదటి రెండో తాళ్ల మధ్య 30 సెంటీమీటర్లు. కూర్చుంటే మరీ కిందికవుతాం, నిలబడితే వెనకున్న జడ్జికీ జనానికీ అడ్డం. అందుకే సగం పని మోకాళ్ల మీద. మోకాలి ప్యాడ్లు పెట్టుకున్న ఫొటోగ్రాఫర్‌ను చూస్తే ఆయన ఈ పనిలో పాతకాపు అని చెప్పేయవచ్చు.

ఆ కిందిచోటుకు ఒక గుణం ఉంది. కాన్వాసు ఎత్తులో కన్ను పెడితే 48 కిలోల పిల్ల కూడా కొండంత కనిపిస్తుంది. వెనకాల ఖాళీ కుర్చీలు, ప్లాస్టిక్ బ్యానర్లు, వాటర్ క్యాన్లు కిందికి దిగిపోయి, పైకప్పు చీకటి మాత్రం నేపథ్యంగా మిగులుతుంది. అదే ఫొటో గ్యాలరీ మెట్ల మీంచి తీస్తే ఆటగాళ్లిద్దరూ తెల్ల గుడ్డ మీద రెండు చుక్కలు. గ్యాలరీ ఫొటో పనికిరాదని అనను, కాళ్ల కదలిక అక్కడినుంచే బాగా తెలుస్తుంది. కానీ దెబ్బ బరువు పైనుంచి తెలియదు.

ఏ వైపు కూర్చోవాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. చాలామంది ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చుంటారు. కాస్త లెక్క వేసుకుంటే సగం ఫొటోలు అక్కడే గెలుచుకోవచ్చు. కుడిచేతి వాటం బాక్సర్ ఎడమ కాలు ముందుకు వేసి నిలబడతాడు. అతని ఛాతీ, మొహం అతని కుడివైపుకు తెరుచుకుని ఉంటాయి. ఎడమవైపు నుంచి చూస్తే వీపూ భుజమే కనబడతాయి. ఇద్దరూ కుడిచేతి వాటమే అయితే, మనం ఎటు కూర్చున్నా ఒకరి మొహం, మరొకరి వీపు. వాళ్లు తిరిగే దాకా ఆగడం తప్ప దారి లేదు. ఒకరిది కుడి వాటం, ఒకరిది ఎడమ వాటం అయితే కథ మారిపోతుంది. ఇద్దరూ ఒకే వైపుకు తెరుచుకుంటారు. ఆ వైపున్న ఫొటోగ్రాఫర్‌కు రెండు మొహాలూ, రెండు ఛాతీలూ, మధ్యలో గ్లవ్స్ అన్నీ దొరుకుతాయి. ఎదురువైపు ఉన్నవాడికి రెండు వీపులు. వాళ్లు రింగులో తిరుగుతారు కాబట్టి ఇది మారుతూనే ఉంటుంది. కానీ ఎడమవాటం బాక్సర్ బౌట్ ఏ నంబరో డ్రా షీట్‌లో ముందే చూసి పెట్టుకున్నవాడు ఆ మూడు రౌండ్లకూ సిద్ధంగా ఉంటాడు.

మూలల సంగతి కూడా ఉంది. ఎర్ర మూల, నీలి మూల కాక మిగతా రెండు తెల్లవి. వాటిని న్యూట్రల్ కార్నర్లంటారు. ఒకరు కిందపడి రెఫరీ లెక్కపెడుతున్నప్పుడు రెండోవారు వెళ్లి నిలబడాల్సింది ఆ తెల్ల మూలలోనే. అందరి కెమెరాలూ పడినవాళ్ల మీదే ఉంటాయి. కొట్టినవాళ్ల మొహంలో ఆ ఎనిమిది అంకెల లెక్కలో కనిపించేది వేరు: ఊపిరి, భయం, ఆశ, ఒక్కోసారి ఎదుటివాళ్లకు ఏమైందోనన్న బెంగ. తెల్ల మూల పక్కన కూర్చున్నవాడికి దొరికే ఫొటో అది.

ఇక గుద్దు ఎలా పసిగట్టాలి? గ్లవ్స్ వైపు చూడకూడదు. చెయ్యి అన్నిటికన్నా చివర కదులుతుంది. కుడిచేతి క్రాస్ (వెనక చేత్తో వేసే సూటి గుద్దు) బయల్దేరే ముందు వెనక కాలి మడమ లేచి బయటికి తిరుగుతుంది. పక్కనుంచి విసిరే హుక్‌కు ముందు ముందుభుజం కాస్త కుంగి, బరువు ఆ కాలి మీదికి దిగుతుంది. కింది నుంచి పైకి వేసే అప్పర్‌కట్‌కు మోకాళ్లు వంగుతాయి, గార్డుగా ఉన్న చెయ్యి ఒక బెత్తెడు కిందికి జారుతుంది. ఇవన్నీ కోచ్‌లు పిల్లలకు దాచుకోమని నేర్పే సంగతులు. బాగా దాచుకునేవాళ్లే గెలుస్తారు. కాబట్టి పైస్థాయి బౌట్లలో ఒంటి సూచన కన్నా అలవాటు మీద ఆధారపడాలి. ప్రతి బాక్సర్‌కూ ఇష్టమైన వరస ఒకటి ఉంటుంది: రెండు జ్యాబులు, ఒక క్రాస్, లేదా జ్యాబ్, పొట్టలోకి ఒకటి, మళ్లీ తలకు. మొదటి రౌండ్‌లో కెమెరా దించి ఆ వరస పట్టుకున్నవాడికి రెండో రౌండ్‌లో ఫొటోలు వస్తాయి.

చెవి కూడా పనికొస్తుంది. గుద్దు వేసే ప్రతిసారీ బాక్సర్ ముక్కుతో గట్టిగా ఊపిరి వదులుతాడు, ఆ 'ష్' శబ్దం ఏప్రన్ దగ్గర స్పష్టంగా వినిపిస్తుంది. ఆ శబ్దం విని మొదటి గుద్దును పట్టుకోలేం. కానీ అది రెండో గుద్దుకు కబురు. జ్యాబ్ తగిలి తల వెనక్కి వెళ్లి, గార్డు తెరుచుకుని, క్రాస్ గాల్లో ఉన్న క్షణం, బాక్సింగ్ ఫొటోల్లో ఉత్తమమైనవి చాలావరకు ఈ రెండో గుద్దు ఫొటోలే. చెంప అదిరి, చెమట తుంపర లేచి, కొట్టినవాడి కళ్లు, తిన్నవాడి కళ్లు రెండూ కనబడాలి. కళ్లు లేని ఫొటోను ఎంత గొప్ప దెబ్బ ఉన్నా పక్కన పెట్టేస్తాను. జూనియర్లూ అమ్మాయిలూ హెడ్‌గార్డ్ పెట్టుకుంటారు కాబట్టి దాని అంచు నీడ కళ్ల మీద పడుతుంది. వాళ్ల మొహం కాస్త పైకి లేచినప్పుడే నొక్కాలి. పెద్ద స్థాయి మగవాళ్ల పోటీల్లో 2013 నుంచి హెడ్‌గార్డ్ తీసేశారు.

ఇప్పటి కెమెరాలు సెకనుకు ఇరవై, ముప్ఫై ఫ్రేములు లాగేస్తున్నాయి కదా, ఇంత చదువు ఎందుకని అడిగేవాళ్లున్నారు. సెకనుకు ఇరవై అంటే ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య సెకనులో ఇరవయ్యో వంతు. ఆ సందులో గ్లవ్ అరమీటరు ప్రయాణం చేసేస్తుంది. వేలు నొక్కిపెట్టి ఉంచినవాడికి గుద్దుకు ముందూ, గుద్దు తర్వాతా వస్తాయి, గుద్దు రాకపోవచ్చు. పైగా రాత్రి పత్రిక డెస్క్ నుంచి ఫోన్ మీద ఫోన్ వస్తున్నప్పుడు మూడు వేల ఫ్రేముల్లోంచి ఒకటి ఏరాలి. రెండు మూడు ఫ్రేముల చిన్న విడత, సరైన చోట మొదలుపెట్టడం, ఇదే మేలని అనుభవమున్నవాళ్లంతా చెబుతారు.

ఫోకస్‌కు తాళ్లతో పెద్ద పేచీ. ఆటోఫోకస్ దగ్గరున్న తెల్ల తాడును పట్టుకుని ఆటగాళ్లను వదిలేస్తుంది. అందుకే ఫోకస్ పనిని షట్టర్ బటన్ నుంచి విడదీసి వెనక బటన్‌కు అప్పగిస్తారు. బొటనవేలు ఫోకస్ చూసుకుంటుంది, చూపుడు వేలు ఫొటో చూసుకుంటుంది. రెఫరీ వీపు అడ్డం వచ్చినప్పుడు బొటనవేలు వదిలేస్తే చాలు, ఫోకస్ ఉన్నచోటే ఉంటుంది. లెన్సుల విషయంలో పెద్ద రహస్యాలేమీ లేవు. అవతలి మూల దాకా ఎనిమిది మీటర్ల పైచిలుకు దూరం కాబట్టి 70–200 ఒకటి, ఆటగాళ్లు తాళ్ల మీదికే వచ్చిపడినప్పుడు 24–70 ఒకటి. రెండూ 2.8 ఎపర్చర్‌వి అయితే ఇండోర్ వెలుగులో బతికిపోతాం.

వెలుగు గురించి మాత్రం ఆగి చెప్పాలి. గుద్దును గాల్లో ఆపాలంటే షట్టర్ సెకనులో వెయ్యో వంతన్నా ఉండాలి. మన కరెంటు సెకనుకు యాభైసార్లు దిశ మార్చుకుని తిరిగి వచ్చే రకం కావడంతో పాత మెటల్ హేలైడ్ దీపాలు, నాసిరకం ఎల్ఈడీలు సెకనుకు వందసార్లు వెలిగి మసకబారుతుంటాయి. కంటికి తెలియదు. వెయ్యో వంతు షట్టర్ ఆ ఒక్కో చక్రంలో పదో వంతు ముక్కను మాత్రమే కోసుకుంటుంది. అందుకే వరసగా తీసిన మూడు ఫ్రేముల్లో ఒకటి తెల్లగా, ఒకటి పసుపుగా, ఒకటి సగం చీకటిగా వస్తుంది. కెమెరా పాడైందని షాపుకు పట్టుకెళ్లినవాళ్లున్నారు. దీపాల వెలుగు శిఖరానికి వచ్చినప్పుడే షట్టర్ తెరుచుకునే యాంటీ ఫ్లికర్ ఏర్పాటు ఇప్పటి కెమెరాల్లో ఉంది. దానివల్ల నొక్కడానికీ పడటానికీ మధ్య వెంట్రుకవాసి ఆలస్యం వస్తుంది, దాన్ని కూడా లెక్కలో వేసుకుని ఇంకాస్త ముందే నొక్కాలి. ఫ్లాష్ ఊసే ఎత్తకూడదు. ఎదుటివాడి చెయ్యి వస్తున్న క్షణంలో కళ్లలో వెలుగు కొడితే అది ఆ పిల్లవాడికి దెబ్బ.

మన ఊరికే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది, సముద్రపు గాలి. ఏసీ కారులోంచో ఏసీ గదిలోంచో కెమెరా తీసుకుని జనంతో ఉడికిపోతున్న హాల్లోకి వస్తే లెన్సు మీద ఆవిరి కమ్ముకుంటుంది. తుడిస్తే మళ్లీ కమ్ముతుంది. పోటీకి గంట ముందే వచ్చి, బ్యాగు జిప్పు తెరిచి, లెన్సును ఆ వేడికి అలవాటు కానివ్వాలి. ఇంటికి వెళ్లాక సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరబడని డబ్బాలో పెట్టాలి. ఈ తేమకు లెన్సు లోపల సాలెగూడులా ఫంగస్ పాకుతుంది. మంచి లెన్సులు ఎన్నో ఈ తీరంలో అలాగే పోయాయి.

ఫిల్మ్ రోజుల్లో ఈ పని చేసినవాళ్లను తలుచుకుంటే నాకు గౌరవం పెరుగుతుంది. 'ఈనాడు' 1974 ఆగస్టు 10న మొదలైంది విశాఖలోనే. ఆ కాలంలో ఏ పత్రికకు తీసినా రీలుకు 36 ఫ్రేములే. ఒక్కో ఫ్రేముకూ బొటనవేలితో లీవరు తిప్పాలి. 400 స్పీడు బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌ను 1600గా లెక్కేసి తీసి, డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచేవారు. ఫొటోలో గరుకు వచ్చేది, బాక్సింగ్‌కు ఆ గరుకు అందమే. డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలని డబ్బా మీద రాసి ఉంటుంది. మే నెల విశాఖలో కుళాయి నీళ్లే ముప్ఫై డిగ్రీలు. ట్రే చుట్టూ ఐసు ముక్కలు పేర్చి, థర్మామీటర్ చూసుకుంటూ కడగాల్సి వచ్చేది. ఆ రీళ్లలో దొరికిన ఒక్కో గుద్దు వెనక ఎంత ముందుచూపు ఉందో ఊహించుకోవచ్చు.

ప్రపంచం మొత్తం గుర్తుపెట్టుకున్న బాక్సింగ్ ఫొటో కథ కూడా ఇదే చెబుతుంది. 1965 మే 25న అమెరికాలో, మెయిన్ రాష్ట్రంలోని లూయిస్టన్ అనే చిన్న పట్టణంలో మహమ్మద్ అలీ మొదటి రౌండ్‌లోనే సోనీ లిస్టన్‌ను పడగొట్టి, మీద నిలబడి లేవమని అరిచాడు. ఆ క్షణాన్ని రంగుల్లో పట్టుకున్న నీల్ లీఫర్‌కు అప్పటికి 22 ఏళ్లు. చేతిలో రోలీఫ్లెక్స్ కెమెరా, రింగు పైన బిగించిన స్ట్రోబ్ దీపాలు. ఆ దీపాలు ఒకసారి వెలిగాక మళ్లీ సిద్ధం కావడానికి సమయం పట్టేది. తొందరపడి ముందే నొక్కి ఉంటే ఆ ఫ్రేము ఉండేది కాదు. ఆ ఫొటోలో అలీ కాళ్ల మధ్యలోంచి అవతలివైపు కనిపించే ఫొటోగ్రాఫర్ హెర్బీ షార్ఫ్‌మన్ కూడా అదే స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రికవాడు, లీఫర్ కన్నా సీనియర్. ఆయనకు అలీ వీపే దొరికింది. కూర్చున్న చోటు కలిసొచ్చిందని లీఫర్ దాచుకోకుండా చెప్పుకున్నాడు. కానీ అదృష్టం కలిసొచ్చిన క్షణంలో దీపం, ఫోకస్, వేలు మూడూ సిద్ధంగా ఉండటం అదృష్టం కాదు. అసోసియేటెడ్ ప్రెస్‌కు చెందిన జాన్ రూనీ అదే ఘట్టాన్ని బ్లాక్ అండ్ వైట్‌లో తీశాడు. ఆ ఏటి వరల్డ్ ప్రెస్ ఫొటో క్రీడా బహుమతి వచ్చింది రూనీ ఫొటోకే. లీఫర్ ఫొటో అప్పట్లో పత్రిక ముఖచిత్రం కూడా కాలేదు. ఫొటోలను దాచిపెట్టాలనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు తెలియదు. విలువ తర్వాత తెలుస్తుంది, అప్పటికి నెగటివ్ ఉండాలి.

రౌండ్‌కూ రౌండ్‌కూ మధ్య నిమిషం విరామంలో చాలామంది కెమెరా వెనక తెర చూసుకుంటూ కూర్చుంటారు. నా దృష్టిలో ఆ నిమిషమే బాక్సింగ్‌లో అతి నిజమైన నిమిషం. స్టూలు మీద పదిహేనేళ్ల అమ్మాయి. కోచ్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, నోట్లోంచి గార్డు తీసి బాటిల్ నీళ్లతో కడుగుతాడు. రెండోమనిషి టవల్‌తో గాలి విసురుతుంటాడు. ఆ అమ్మాయి కళ్లు కోచ్ మొహం మీద ఉంటాయి గానీ మాటలు వింటోందో లేదో తెలియదు. పొట్ట ఎగిసిపడుతుంటుంది. "ఎడం చెయ్యి దించేస్తున్నావమ్మా, చెయ్యి పైకెట్టు, చెయ్యి పైకెట్టు" అని అదే మాట నాలుగుసార్లు. బెల్లు మోగగానే స్టూలు బయటికి, గార్డు నోట్లోకి, ఆ అమ్మాయి లేచి నిలబడే లోపు కోచ్ చెయ్యి ఒక్క క్షణం ఆమె వీపు మీద ఆగుతుంది. ఆ చెయ్యి ఫొటో ఎవరూ తీయరు. ఆ సంబంధం లేకుండా విశాఖలోంచి ఒక్క పతకమూ వచ్చి ఉండేది కాదు.

రింగు పక్కన కూర్చునే హక్కుతో పాటు కొన్ని మర్యాదలు వస్తాయి. తాళ్ల లోపలి కాన్వాసు మీద చెయ్యి గానీ లెన్సు గానీ పెట్టకూడదు, వెనక్కి వచ్చే బాక్సర్ మడమ దాని మీద పడితే చీలమండ మెలిపడుతుంది. జడ్జి చూపుకు అడ్డం రాకూడదు. మన ఊరి పిల్ల అని అరవకూడదు. మొదటి నుంచి నాకు గట్టి అభిప్రాయం ఉన్న మర్యాద ఇంకొకటి: పిల్లల పోటీలో తెలివితప్పి పడిపోయిన మొహాన్ని అచ్చు వేయకూడదు. తీయొచ్చు, డాక్టర్‌కో కోచ్‌కో పనికిరావచ్చు. పేపర్లో మాత్రం వద్దు. ఆ పిల్లవాడు మర్నాడు బడికి వెళ్లాలి. అమ్మాయిల విషయంలో తాళ్ల కింది నుంచి తీసే కోణం ఎంత అదుపులో ఉండాలో ప్రత్యేకంగా చెప్పాలా? ఆటను తీస్తున్నామా, ఒంటిని తీస్తున్నామా అన్నది తీసేవాడికి తెలుస్తుంది, చూసేవాడికీ తెలుస్తుంది.

ఓడినవాళ్లను మర్చిపోకూడదు. నిర్ణయం చెప్పేటప్పుడు రెఫరీ ఇద్దరి చేతులూ పట్టుకుని నడుమ నిలబడతాడు. ఒక చెయ్యి లేచిన క్షణంలో లేవని చెయ్యి కూడా ఫ్రేములో ఉండేలా వెడల్పుగా తీయాలి. అప్పుడే అది పోటీ ఫొటో అవుతుంది.

ఫైనల్ ఒక్కటే తీసి వెళ్లిపోయే అలవాటు మన పత్రికలకు బాగా ఉంది. అది ఎంత నష్టమో చెప్పడానికి రెండు ఉదాహరణలు. ఆంధ్రప్రదేశ్ బాక్సర్ కె. శ్యామ్ కుమార్ 2017లో థాయ్‌లాండ్ అంతర్జాతీయ టోర్నీలో స్వర్ణం గెలిచాడు. ఫైనల్లో ఉజ్బెకిస్థాన్ ప్రత్యర్థి గాయంతో తప్పుకున్నాడు, ఫైనల్ బౌట్ జరగనే లేదు. 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో నిజామాబాద్ బాక్సర్ మహమ్మద్ హుసాముద్దీన్ సెమీఫైనల్ చేరాక మోకాలి గాయంతో బరిలోకి దిగలేక కాంస్యంతో ఆగాడు. ఆ ఇద్దరి పతకాలనూ సంపాదించి పెట్టింది అంతకుముందు రౌండ్లు. చివరి రోజుకు మాత్రమే వచ్చిన కెమెరాకు వాళ్ల ఆట దొరికే అవకాశమే లేదు. ఖాళీ కుర్చీల ముందు పొద్దున తొమ్మిదింటికి మొదలయ్యే మొదటి రౌండ్ బౌట్లే ఫొటోగ్రాఫర్‌కు అసలైన పంట.

ఈ ఫొటోల విలువ అందంతో ఆగదు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు చేసే పిల్లల ఫైళ్లు చూడండి, సర్టిఫికెట్ల వెనకాల పేపరు కటింగులు అతికించి ఉంటాయి. కోచ్‌కు ఒక మంచి ఫొటో పాఠం: గుద్దు తగిలిన క్షణంలో గడ్డం లేచి ఉందా, వెనక చెయ్యి చెంప దగ్గరే ఉందా, మణికట్టు నిటారుగా ఉందా. వీడియోలో గబగబా పోయేది ఫొటోలో ఆగి ఉంటుంది. కూతుర్ని రింగులోకి పంపడానికి జంకే తల్లిదండ్రులకు, అంత దెబ్బలోనూ కళ్లు తెరిచి నిలబడ్డ తమ పిల్ల బొమ్మ చూపిస్తే, ఆ ఆటలో తెలివి ఎంతుందో మాటలకన్నా బాగా అర్థమవుతుంది.

విశాఖ బీచ్ రోడ్డులో కోడి రామ్మూర్తి నాయుడి విగ్రహం ఉంది. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో కసరత్తు నేర్చి, సర్కస్ కంపెనీ పెట్టి, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న మల్లయోధుడు. 1942లో పోయారు. మనలో చాలామందికి ఆయన బలం కథగానే తెలుసు. ఆయన కుస్తీ పట్టు ఎలా ఉండేది, కాలు ఎక్కడ ఆనించేవారు, మెడ ఎలా వంచేవారు అని ఇవాళ్టి కుర్రాడు అడిగితే చూపించడానికి మన చేతిలో ఏమీ లేదు. ఆ కాలానికి అది తప్పనిసరి. ప్రతి జేబులో కెమెరా ఉన్న ఈ కాలానికి ఆ సాకు లేదు.

అందుకే ఇవాళ ఈ ఊళ్లో పోటీలు నడిపేవాళ్లకూ, తీసేవాళ్లకూ, అచ్చు వేసేవాళ్లకూ కొన్ని విన్నపాలు. అసోసియేషన్ల వారూ, ఏప్రన్ దగ్గర ప్రతి వైపూ ఒక ఫొటోగ్రాఫర్‌కు చోటు గుర్తుపెట్టి ఉంచండి. అతిథుల కుర్చీలు ఒక్క వరస వెనక్కి జరిగితే పోయేదేమీ లేదు. సంపాదకులూ, పతకాల ఫొటో వేయండి, దాని పక్కనే ఆట ఫొటో కూడా ఒకటి వేయండి. ఫొటోగ్రాఫర్ సోదరులూ, ప్రతి ఫొటోకూ తేదీ, హాలు, బరువు విభాగం, రౌండ్, గెలిచినవారి పేరుతో పాటు ఓడినవారి పేరూ రాసి పెట్టండి. పేరు లేని ఫొటో పదేళ్ల తర్వాత ఎవరిదీ కాదు. పాత పత్రికా ఫొటోగ్రాఫర్ల ఇళ్లలో, అటకల మీద, ఈ తేమలో నెగటివ్‌లు అతుక్కుపోతున్నాయి. అవి ఉన్న కుటుంబాలు దయచేసి ఈ వేసవిలోనే వాటిని బయటికి తీసి, స్కాన్ చేయించి, ఒక కాపీ జిల్లా గ్రంథాలయానికీ, ఒక కాపీ ఆ బాక్సర్ ఇంటికీ ఇవ్వండి.